ఉప్పు బావుల లెక్క

గోడ మీది తెరలో జమ్రా నది మొత్తం పరుచుకుని ఉంది. పైన ఆనకట్ట, కింద ఖర్జూర తోటల ఊళ్ళు, వాటి పక్కన ఈమధ్యే పుట్టుకొచ్చిన పుచ్చకాయల పొలాలు. ఈ వసంతంలో ఎవరికెంత నీరు వదలాలో సలహా చెప్పే ఆ కంప్యూటర్ పద్ధతిని తూదా నిద్రాహారాలు మాని తయారుచేసింది. నీళ్ళు చాలని ఊరు ఎర్రగా కనిపిస్తుంది, చాలినది పచ్చగా. ఆమె సొంతూరు తిన్‌జర్ నిన్నటిదాకా ఎర్రగా ఉంది. అంటే మొదటి వంతు దానిదే. ఇవాళ సమావేశంలో తెర వెలిగేసరికి తిన్‌జర్ పచ్చగా నవనవలాడుతోంది!

"చూశారుగా, అక్కడ కొరతే లేదు," అన్నాడు తూదా పనిచేసే నదీజలాల కార్యాలయం పెద్ద అబ్దెర్రఫీ. "నీళ్ళు పుచ్చకాయలకి వదులుదాం. ఇది నా మాట కాదు, కంప్యూటర్ మాట."

అందరూ తలలూపారు. ఊపక ఏం చేస్తారు, యంత్రంతో ఎవరు పోట్లాడతారు?

తూదాకి వెంటనే అర్థమైంది. బావులు.

తమకెన్ని బావులున్నాయో తిన్‌జర్ రైతులు ఏ అధికారికీ నిజం చెప్పి ఎరగరు. అవి ఉప్పు బావులు. ముసలి ఖర్జూర చెట్లు ఎలాగో తట్టుకుంటాయి గానీ బార్లీ మాడిపోతుంది. అయినా బావి ఉందని తెలిస్తే కాలువ నీళ్ళు కోస్తారని వాళ్ళ భయం. లెక్క తయారుచేసేటప్పుడు తూదా అబ్దెర్రఫీని వెంటబెట్టుకుని తిన్‌జర్‌లో మేనమామ బాస్సూ ఇంటికి వెళ్ళింది. బాస్సూ వాళ్ళ ముందు పాలూ ఖర్జూరాలూ పెట్టాడు. అవి కలిసి తిన్నాక ఆ లోయలో ఒకరికొకరు అబద్ధమాడరు, ద్రోహం చేయరు. అబ్దెర్రఫీ మూతి తుడుచుకుని, "ఉప్పెంత ఉందో చూడటానికే, మీ వంతు కోయడానికి కాదు," అన్నాడు. ఊరంతా నోరు విప్పింది. తూదా ప్రతి బావినీ లెక్కలోకి ఎక్కించి, సాగుకి పనికిరాదని గుర్తు పెట్టింది. ఆ గుర్తే ఇప్పుడు లేదు, ఉప్పు నీళ్ళన్నీ సాగు నీళ్ళ కింద లెక్కకొచ్చాయి.

సమావేశం అయ్యాక వరండాలో అబ్దెర్రఫీకి అడ్డం నిలబడింది.

"గుర్తు ఎవరు తీశారు, ఉస్తాద్?"

"నీళ్ళు నీళ్ళే కదమ్మాయ్."

"ఆ నీళ్ళతో మీ ఇంట్లో టీ కాస్తారా?"

"పుచ్చకాయల వాళ్ళ వెనక ఎవరున్నారో నీకు తెలీదు. నోరు మూసుకుని నీ పని చూసుకో."

"మా మావయ్య ఇంట్లో పాలు తాగారు మీరు!"

 ఆయన మెత్తగా, "అంకెలు తెచ్చింది నువ్వే తల్లీ. కింద నీ పేరే ఉంది," అని వెళ్ళిపోయాడు.

తనకి నది లెక్క చదవడం నేర్పినవాడే నట్టేట ముంచాడు.  గుర్తు తీసేశారని తూదా పైవాళ్ళందరికీ రాసింది. ఒక్కరూ పలకలేదు. ఆనకట్ట తలుపులు లేచాయి, నీళ్ళు పుచ్చకాయలకి పోయాయి. ఈ మాట తన నోటితోనే చెప్పాలని ఆమె తిన్‌జర్ బస్సెక్కింది.

బాస్సూకి కబురు ముందే చేరింది. ఎండిన కాలువ గట్టున, పాలిపోయిన బార్లీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"గుర్తు నేను తీయలేదు మావయ్యా. ఆయన తీశాడు."

"ఆయనెవరో నాకేం తెలుసమ్మా? నీ మొహం చూసి తలుపు తీశాను. నిన్ను చూసే ఊరు నోరు విప్పింది. ఇప్పుడు నేను వాళ్ళకేం చెప్పను?"

 ఆయన లేచి ఇంట్లోకి నడిచాడు, తూదా వెంట వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంటి గడప దాటితే పాలూ ఖర్జూరాలూ ఎదురు రాని రోజు లేదు. ఇవాళ బాస్సూ ఒక్క గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. పెరటి బావి నీళ్ళు.

"తాగు. నువ్వు లెక్కలోకి ఎక్కించినవే."

మొదటి గుక్కకే నోరు ఉప్పుతో మండింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. తూదా గ్లాసు దించకుండా చివరిదాకా తాగింది.