ఫంక్షన్ హాలుకు పదహారు కోర్లు

శిరీష తన డైనింగ్ టేబుల్ మీద భోంచేసి చాలా రోజులైంది. ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. టేబుల్ మాత్రం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సొత్తు అయిపోయింది.

నార్సింగిలో వాళ్ళుండే గేటెడ్ కమ్యూనిటీకి ఆమెను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. "మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదా" అన్నారు ఎన్నుకున్నవాళ్ళు. ఆ మాట నచ్చకపోయినా పని నచ్చింది. ఫంక్షన్ హాలు ఏ తేదీన ఎవరికివ్వాలో ఆమే చూడాలి. కూతురు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లో ఒక పట్టిక వేసుకుంది. ముందడిగినవాళ్ళకు ముందు. ఇందులో గొడవకు తావెక్కడ అనుకుంది.

తావు డైనింగ్ టేబుల్ దగ్గర దొరికింది. "మాకంటే సి బ్లాకు వాళ్ళే ముందడిగారని నమ్మకమేంటండీ?" అంటూ వచ్చినవాళ్ళు కూర్చుని టీ తాగి, మరో టీ తాగి, లాప్‌టాప్‌ను తమవైపు తిప్పుకుని చూసి, "ఇది మీరు టైపు చేసిందేగా" అనేవారు. టైపు చేయకుండా ఏ పట్టికైనా ఎలా తయారవుతుందో వాళ్ళూ చెప్పేవారు కాదు, ఆమె కూడా అడిగేది కాదు.

"క్లబ్‌హౌస్‌లో గది ఖాళీగానే ఉండాది కదా," అన్నాడు ఆమె భర్త నవీన్ ఒకరోజు, పళ్ళెం పట్టుకుని నిలబడే. "ఆడ ఒక కంప్యూటర్ పెట్టించుకో. ఇల్లు ఇల్లు మాదిరి ఉంటాది."

కమిటీ సరేనంది. కొనేముందు నాలుగు విషయాలు తెలుసుకోవడం మంచిదని, శిరీష కాలనీ వాట్సాప్ గ్రూపులో అడిగింది: ఆఫీసుకు డెస్క్‌టాప్ కొనాలి, ఏమేం చూసుకోవాలో చెప్పండి.

నవీన్ ఫోను చూసి తల పట్టుకున్నాడు. "ఈళ్ళనెందుకు అడిగినావు? అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే."

"అందుకే కదా అడిగినా."

"నేనూ అదే చెప్తుండా."

సాయంత్రానికి ఆమెకు అర్థమైంది. ఏ ప్రాసెసర్ అనే దగ్గర ఎ బ్లాకు, బి బ్లాకు విడిపోయాయి. ఇప్పుడు కొనడం తెలివితక్కువ, కొత్తవి రాబోతున్నాయి అని ఒకరన్నారు. ఆ మాట ప్రతి ఏడాదీ నిజమే అని ఇంకొకరన్నారు. ఎందుకు కొంటున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. శిరీష తనంతట తానే, పట్టికలు వేసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీ వెబ్‌సైట్ తెరిచి, దానికి ఏం కావాలో చూసింది. నాలుగు జీబీ ర్యామ్ చాలట. మామూలు ప్రాసెసర్ చాలట.

ఈ సంగతి కమిటీ మీటింగులో చెప్పింది.

"అది మినిమం అండి," అన్నాడు సి బ్లాకు భాస్కర్ జాలిగా. అతను పెద్ద కంపెనీలో క్లౌడ్ ఆర్కిటెక్ట్. వేల కంప్యూటర్లు అతని చేతికింద ఉన్నాయి గానీ అవన్నీ ఎక్కడో ఉన్నాయి. చేత్తో ముట్టుకుని కొనబోయేది ఇదే మొదటిది. "మినిమంతో ఎవరు బతుకుతారండీ? సరే, ఒకేసారి ఎంతమంది వాడతారు?"

"నేనొక్కదాన్నే."

"లోడ్ బాగా ఎక్కువున్నప్పుడు?"

"అప్పుడూ నేనే."

"అయిదేళ్ళ తర్వాత?"

"అప్పటికి వేరే కార్యదర్శి ఉంటారండి. వాళ్ళూ ఒక్కరే ఉంటారు."

భాస్కర్ ఆమెను వదిలేసి అధ్యక్షుడి వైపు తిరిగాడు. అధ్యక్షుడు రాజేందర్‌ది నార్సింగే. ఈ నాలుగు బ్లాకులూ లేచింది వాళ్ళ జొన్నచేలోనే.

"గవన్నీ నాకు సమజ్ గావు గని," అన్నాడు రాజేందర్, "పక్క కమ్యూనిటోళ్ళు ఏంది కొన్నరు?"

ఎవరో చెప్పారు.

"మనది దానికంటె జర పెద్దగుండాలె. వచ్చెటోళ్ళు జూస్తరు."

ఇంతకంటే స్పష్టమైన అవసరం ఆ మీటింగులో మరెవరూ చెప్పలేదు. భాస్కర్ దాని మీదే పనిచేశాడు. పదహారు కోర్ల ప్రాసెసర్ అన్నాడు. కోరంటే ఒక మనిషి అనుకోండి, పదహారు మంది ఒకేసారి పనిచేస్తారన్నమాట అని వివరించాడు. ఆ పదహారు మందికీ తాను పనెక్కడినుంచి తేవాలా అని శిరీష ఆలోచించింది. ఆటలాడే పిల్లలకు పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలన్నాడు. వేడెక్కకుండా లోపల నీళ్ళు తిరిగే ఏర్పాటు ఉండాలన్నాడు. వేసవి వస్తే మనుషులే ట్యాంకర్ల కోసం గేటు దగ్గర ఎదురుచూసే కాలనీలో ఈ చివరిదానికి ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

కంప్యూటర్ వచ్చింది. ఒక పక్కంతా గాజు. లోపల ఎరుపు, నీలం, ఆకుపచ్చ దీపాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. రాజేందర్ కొబ్బరికాయ కొట్టి గాజుకు బొట్టు పెట్టాడు. "ఫ్యాన్ దగ్గర పసుపు చల్లకండి సార్" అంటూ భాస్కర్ చేతులు అడ్డం పెట్టాడు.

మర్నాడు శిరీష తన పట్టికను అందులోకి ఎక్కించబోతే, అది పాస్‌వర్డ్ అడిగింది. భాస్కర్‌కు ఫోను చేసింది.

"అడ్మిన్ హక్కులు నా దగ్గరే ఉన్నాయండి. సెక్యూరిటీ కోసం లాక్ చేశాను. ఏది ఎక్కించాలన్నా కమిటీ ఆమోదం కావాలి."

కమిటీ అంటే రాజేందరే. ఆయన్నీ అడిగింది.

"గింత మంచి మిషీన్ల గా హాలు తారీఖులెందుకు మేడం? స్లో అయితది. మీ లాప్‌టాప్ ఉన్నది గద."

శిరీష ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ వైపు చూసింది. హాలు కోసం అప్పటికే ఎవరో వచ్చి కూర్చుని ఉన్నారు.

గది మాత్రం తాళం వేసి లేదు. అందులో టేబుల్ ఉంది, ఏసీ ఉంది. మర్నాడు పొద్దున లాప్‌టాప్ పట్టుకుని అక్కడికే వెళ్ళి, పెద్ద కంప్యూటర్ పక్కన దాన్ని పెట్టుకుని కూర్చుంది. గది మరీ చీకటిగా ఉందని పెద్దదాని మీట కూడా నొక్కింది.

మొదట ఎ బ్లాకు చంద్రమ్మ వచ్చింది. మనవడి ధోతి ఫంక్షన్‌కు ఆదివారం హాలు కావాలి. ఆ ఆదివారం వేరేవాళ్ళకు పోయిందని శిరీష చెప్పింది. ఇంకో ఇరవై నిమిషాల వాదనకు సిద్ధపడి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. చంద్రమ్మ దీపాలనే చూస్తోంది.

"గిది చెప్పిందా బిడ్డా?"

ఉన్నదున్నట్టు చెప్పడం శిరీషకు అలవాటు. "ఇది కాదమ్మా. ఈ లాప్‌టాప్‌లో ఉంది. నేనే రాసుకున్నా."

"నువ్వు రాసుకున్నదేనా? అట్లయితె కొట్టేసి మాది రాయరాదు," అంటూ చంద్రమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. టీ లేకపోయినా వాదన ఏమాత్రం తగ్గలేదు.

తర్వాత రేణుక వచ్చింది. కూతురి డ్యాన్సు రిహార్సల్‌కు శనివారం కావాలంది. ఖాళీ లేదన్నాక పెద్ద కంప్యూటర్‌ను ఎగాదిగా చూసి, "సిస్టంలో లేదా? సరేనండి, అయితే వచ్చే వారం," అని వెళ్ళిపోయింది. శిరీష సరిదిద్దడానికి నోరు తెరిచింది. రేణుక అప్పటికే లిఫ్టు దగ్గరుంది. తెరిచిన నోరు మూసుకుంది. ఆ తర్వాత తెరవలేదు.

నెల తిరిగేసరికి ఇంటికి వచ్చేవాళ్ళు రావడం మానేశారు. సోఫాలో తినడం అలవాటైన నవీన్‌ను మళ్ళీ టేబుల్ దగ్గరికి పిలవాల్సివచ్చింది.

ఒక సాయంత్రం భాస్కర్ స్వయంగా వచ్చాడు. పెళ్ళిరోజు పార్టీకి శుక్రవారం హాలు కావాలన్నాడు. శిరీష లాప్‌టాప్‌లో చూసి, బి బ్లాకు వాళ్ళు ముందే తీసుకున్నారని చెప్పింది. భాస్కర్ వంగి గాజులోంచి లోపలికి చూశాడు. నీళ్ళు తిరుగుతున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అందులో ఒక్క ఫైలు కూడా లేదని ఈ కాలనీలో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది.

"ఇందులో అలా చూపిస్తోందాండీ?"

శిరీష లాప్‌టాప్‌ను కాస్త పక్కకు జరిపింది.

"అయితే ఇంకేం చేస్తాం," అన్నాడు భాస్కర్ లేచి. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "చూశారా, నాలుగు జీబీతో సరిపెట్టుంటే ఇలా పనిచేసేదా?"