డెబ్బై ఏడు డిగ్రీల దగ్గర

నేను ఒక గుళికను. మందుల గుళికను కాను, నన్ను మింగితే ఏ జబ్బూ తగ్గదు. పెసరగింజ కంటే కొంచెం పెద్దగా, కొవ్వొత్తి ముక్కలా ఉంటాను. కానీ కొవ్వొత్తికున్న గౌరవం నాకు లేదు. అది నలుగురూ చూస్తుండగా వెలుగుతూ కరుగుతుంది. నేను చిన్న రేకు గొట్టంలో, చీకట్లో, స్ప్రింగు ఒత్తిడి మోస్తూ కూర్చుంటాను.

నేను గట్టిగా ఉన్నంతకాలం ఆ స్ప్రింగు రెండు తీగలను కలిపి పట్టుకుంటుంది, కరెంటు నడుస్తుంది. నా చుట్టూ వేడి డెబ్బై ఏడు డిగ్రీలకు చేరితే కరిగిపోతాను. స్ప్రింగు జారి తీగలు విడిపోతాయి. మళ్లీ కలవవు. నా ఉద్యోగం ఇంతే. జీవితంలో ఒక్కసారి పని చేయాలి, చేసిన రోజే పదవీ విరమణ.

నన్ను తయారుచేసిన కార్ఖానా ఏ ఊళ్లో ఉందో తెలియదు. పొడిని అచ్చులో పెట్టి నొక్కారు, పుట్టిన చోటు చూసేలోపే మూత బిగించారు. ఒక్క పరీక్ష మాత్రం గుర్తుంది. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ మా వెయ్యిమందిలో ఇరవైమందిని ఏరి, నూనె తొట్టెలో ముంచి వేడిచేసింది. ఇరవైమందీ సరిగ్గా చెప్పిన చోటే కరిగారు. ఆవిడ ముచ్చటపడి మిగిలిన మా అందరికీ నాణ్యత ముద్ర వేయించింది. పరీక్ష రాసినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. రాయనివాళ్లందరికీ పట్టాలొచ్చాయి. మనుషుల కాలేజీల సంగతి నాకు తెలియదు గానీ, మా దగ్గర పద్ధతి ఇదే.

ఆ పట్టాతో నేను ఒక కాపడం బట్టలోకి చేరాను. నొప్పులున్నవాళ్లు ప్లగ్గు పెట్టి కాళ్ల కిందా నడుం కిందా వేసుకునే మెత్తటి బట్ట అది. నాకంటే ముందు అక్కడ ఒక కాపలావాడున్నాడు. రెండు రకాల రేకులు కలిపి అతికించిన చిన్న స్విచ్చు. వేడెక్కితే వంగి కరెంటు ఆపుతాడు, చల్లారితే నిటారుగా నిలబడి మళ్లీ ఇస్తాడు. రోజుకు వందసార్లు వంగే మనిషికి వంగని రోజంటూ ఒకటి వస్తుందని ఎవరో ముందే ఊహించి, అతని వెనకాల నన్ను పెట్టారు.

రామచంద్రపురంలో ఒక మందుల షాపులో మమ్మల్ని అమ్మారు. వేడికి మూడు నంబర్లు, మూడు లైట్లున్నాయనీ, కవరు ఉతుక్కోవచ్చనీ, ఏడాది గ్యారంటీ అనీ షాపతను గడగడా చెప్పాడు. నా పేరెత్తలేదు. కొన్నావిడ అనంతలక్ష్మి. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త రైసుమిల్లులో షిఫ్టు పనికి పోతే, పగలంతా ఇంట్లో ఆమె, ఆమె మామగారు సత్తిరాజుగారు, ఒక కుట్టుమిషను.

సత్తిరాజుగారు ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సుల్లో నిలబడి టిక్కెట్లు కొట్టిన కండక్టరు. పదేళ్లుగా షుగరు. కాళ్లు తిమ్మిర్లుగా ఉంటున్నాయని భోజనం దగ్గర ఒకసారి నోరు జారారు. కోడలు మర్నాడే మమ్మల్ని తెచ్చింది.

మొదటి మధ్యాహ్నం మా మీద తువ్వాలు మడత వేసి, దానిమీద ఆయన పాదాలు పెట్టించి, ఒకటో నంబరు నొక్కింది.

"వేడి తగులుతుందాండీ మావయ్యగారూ?"

"ఆఁ, హాయిగా ఉందమ్మా."

ఆమె మిషను దగ్గరికి వెళ్లగానే ఆయన రెండు నొక్కారు. కాసేపాగి మూడు నొక్కారు. తర్వాత బట్టను మధ్యకు మడిచి, కాళ్ల మీద రగ్గు కప్పుకుని, రావలసిన బస్సు కోసం చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. వేడి వచ్చింది, అది నాకు బాగా తెలుసు. ఆయనకు మాత్రం రాలేదు. ఆ పాదాలకు స్పర్శ పోయింది. ఆ సంగతి తెలిసినవాళ్లం ఆ ఇంట్లో ఇద్దరమే. ఆయన చెప్పరు, నేను చెప్పలేను.

ఎందుకు చెప్పరో తర్వాత తెలిసింది. ఆయన రోజూ పొద్దున్నే బస్టాండు దాకా నడిచి వెళ్లి, పాత స్టాఫుతో కలిసి టీ తాగుతారు. ఏ బస్సు ఎంత లేటో విసుక్కుంటారు. కాళ్లకు స్పర్శ లేదని తెలిస్తే గుమ్మం దాటనివ్వరని ఆయన భయం. అందుకని రోజూ మధ్యాహ్నం మూడో నంబరు మీద హాయిని నటించేవారు. మనుషులు నొప్పిని దాచడం గురించి విన్నాను. నొప్పి లేకపోవడాన్ని దాచడం అక్కడే చూశాను.

ఒక శుక్రవారం నా ముందున్న కాపలావాడు వంగలేదు. అతని రేకుల కొసలు అంటుకుపోయాయి. బట్ట మడతలో వేడి పెరుగుతోంది, పైన రగ్గు, బయటికి దారి లేదు. సత్తిరాజుగారు పేపరు చదువుకుంటున్నారు. అరవై దాటింది. డెబ్బై దాటింది. ఆయన పేజీ తిప్పారు.

నేను కరిగిపోయాను. కరగడమంటే నొప్పి అనుకుంటారేమో, కాదు. పుట్టినప్పటినుంచీ వీపున మోసిన స్ప్రింగు ఆ క్షణాన దిగిపోయింది. లైటు ఆరింది.

కరిగినవాడివి ఇంకా ఎలా మాట్లాడుతున్నావని మీరు అడగవచ్చు. పోయింది ఆకారమే. చల్లారాక గొట్టంలోనే ఒక మూల గడ్డకట్టి ఉన్నాను.

నా జీవితంలోని ఏకైక విజయానికి వచ్చిన మొదటి ప్రశంస అనంతలక్ష్మిది. "నెల తిరక్కుండానే పాడైపోయింది, దరిద్రపు సరుకు!"

షాపతను వాడేవాళ్ల తప్పుకు గ్యారంటీ లేదన్నాడు. "పోనీండి మావయ్యగారూ, ఈ గుడ్డ ఎందుకు, డాక్టరుకే చూపిద్దాం" అంది కోడలు. డాక్టరు మాట వినగానే ఆయన కంగారుపడ్డారు. "వద్దమ్మా. దీంతోనే గుణం కనబడతంది. మన త్రిమూర్తుల్ని పిలు, చిటికెలో చేసేత్తాడు."

త్రిమూర్తులు ఫ్యాన్ల నుంచి మోటార్ల దాకా ఊళ్లో అన్నీ బాగుచేసే మెకానిక్కు. మర్నాడు పొద్దున సంచీ తగిలించుకుని వచ్చి, అనంతలక్ష్మి చేత కుట్లు విప్పించి, మీటరు పెట్టి వెతికాడు. అన్నిచోట్లా కుయ్యిమన్న మీటరు నా దగ్గర నోరు మూసుకుంది.

"దొరికేశాడండీ దొంగ! ఈ బుల్లిముక్కే పోయింది."

"కొత్తది దొరుకుద్దా?" అంది అనంతలక్ష్మి.

"రాజమండ్రి నుంచి రావాలక్కా, నాలుగు రోజులవుద్ది. అయినా ఎందుకూ, దీన్ని తీసేసి తీగ డైరెక్ట్ చేసేత్తాను. కుక్కర్లు, ఇస్త్రీపెట్టెలు, ఊళ్లో సగం డైరెక్టే. ఇప్పటిదాకా ఒక్కడూ ఫోన్ చేసి తిట్టలేదు."

తిట్టడానికి ఎవరెవరు మిగిలారో అతను లెక్క చూసుకున్నట్టు లేదు.

"అది తీసేత్తే ఏం కాదా?"

"ఏవవుద్దక్కా? ఏళ్ల తరబడి పనీపాటా లేకుండా కూర్చుని, ఒకరోజు ఊరికే పోయే సరుకది."

"మా డిపోలోనూ ఉండేవోళ్లులే అలాంటోళ్లు" అన్నారు సత్తిరాజుగారు. ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు, గడ్డకట్టి ఉన్నాను కదా.

కత్తిరించి నన్ను కిటికీ గట్టు మీద పెట్టాడు. నా చోట వేలెడు రాగి తీగ వేసి టేపు చుట్టాడు. అంటుకుపోయిన కాపలావాడి వైపు చూడనైనా లేదు. అప్పుడు భయపడ్డాను. బట్టలో ఉన్నన్నాళ్లూ నాకు భయమనేది తెలియదు. గట్టు మీద, చేయడానికి ఏ పనీ లేనప్పుడు తెలిసింది. ఈసారి ఆ మడతలో వేడి పెరిగితే ఆపేవాళ్లు లేరు, దాని మీద పెట్టే పాదాలకు లాగేసుకోవాలని తెలియదు.

త్రిమూర్తులు బట్టను మంచం మీద పరిచాడు. సత్తిరాజుగారు వెంటనే రెండు పాదాలూ దానిమీద ఆనించారు. ఎంత తొందరగా హాయిగా ఉందంటే అంత తొందరగా మెకానిక్కు వెళ్లిపోతాడు, డాక్టరు మాట అటకెక్కుతుంది. త్రిమూర్తులు కింద కూర్చుని ఏదో గీకుతున్నాడు.

"అబ్బ! వచ్చేసిందిరా వేడి" అన్నారు సత్తిరాజుగారు, కళ్లు మూసుకుని. "ఇదివరకటికన్నా బాగా వత్తంది. నీ చేతిలో ఏదో ఉందిరా త్రిమూర్తులూ!"

త్రిమూర్తులు తల ఎత్తాడు. అతని చేతిలో ఉన్నది ప్లగ్గు. దాని కాళ్లకు పట్టిన చిలుమును చాకుతో గీకుతున్నాడు.

సత్తిరాజుగారు కళ్లు తెరిచి ఇద్దరినీ చూశారు, తర్వాత ప్లగ్గును చూశారు.

"అంటే, ఎండకి గుడ్డ వెచ్చగా ఉందంటన్నానమ్మా" అన్నారు.

బయట పొద్దుటినుంచీ ముసురు. అనంతలక్ష్మి నేలమీద కూర్చుని ఆయన పాదం ఒళ్లోకి తీసుకుంది. ఆయన లాక్కోబోయారు, ఆమె వదల్లేదు. తిప్పి చూస్తే మడమ పక్కన రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. తోలు ఊడలేదు, బొబ్బ లేవలేదు. ఆ శుక్రవారం ఇంకో పావుగంట ఆ మడత వేడెక్కి ఉంటే వేరేగా ఉండేది.

"ఎన్నాళ్లనుంచండీ?"

"దసరాకి ముందు" అన్నారు ఆయన, గోడకు చెబుతున్నట్టు. "ఒకరోజు బజారు నుంచి ఇంటికొచ్చి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదమ్మా. ఎక్కడ జారిపోయిందో తెలవలేదు. వెనక్కెళ్లి వెతుక్కుని తెచ్చుకున్నాను."

"నాకు చెప్పకూడదాండీ?"

"చెపితే బస్టాండుకి పోనిత్తారా?"

త్రిమూర్తులు ఎవరూ అడగకుండానే బట్టను దగ్గరికి లాక్కుని తాను వేసిన టేపు ఊడదీశాడు. ఈసారి అంతా తడిమి చూశాడు. అంటుకున్న రేకులు దొరికాయి. వాటిని చూసి, కిటికీ గట్టు మీదున్న నన్ను వేలితో చూపించాడు.

"ఇది పాడైపోలేదక్కా" అన్నాడు. "దీని పని ఇది చేసింది. గడ్డి తిన్నది నేను." సంచీ సర్దుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. "పాతపేటలో రెండు కుక్కర్లు డైరెక్ట్ చేశానండీ మొన్న. వాటినోసారి చూసొత్తాను." చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే దిగిపోయాడు.

అతను వెళ్లాక అనంతలక్ష్మి మిషను మీదనుంచి దారం కొస తెంపి మెలిపెట్టింది. మామగారిని కళ్లు మూసుకోమంది. ఒక్కొక్క వేలికీ తాకిస్తూ అడుగుతోంది.

"ఇదండీ?"

"ఆఁ."

"నిజం చెప్పండి."

"లేదమ్మా."

"ఇది?"

"లేదు."

తర్వాత దారాన్ని గాలిలోనే పట్టుకుని, "ఇది తెలుస్తుందాండీ?" అంది. అరగంట ముందైతే ఆయన హాయిగా ఉందనేవారు. ఇప్పుడు కనుబొమలు ముడిచి వెతుక్కున్నారు. "తెలవట్లేదమ్మా" అన్నారు. ఆమె పమిటతో ముఖం తుడుచుకుని ఆఖరి వేలికి వెళ్లింది.

"ఆగాగు. అక్కడ ఏదో ఉంది. చీమ పాకినట్టుంది."

ఆమె మళ్లీ తాకించింది, మళ్లీ చీమే అన్నారు. ఎడమకాలి చిటికెన వేలు ఒక్కటే ఇంకా ఉద్యోగంలో ఉంది.

సోమవారం డాక్టరు కాపడాలేవీ వద్దన్నాడు. నడక మాత్రం మానవద్దన్నాడట, సత్తిరాజుగారు ఇంటికొచ్చి ఆ ఒక్క మాటే నాలుగుసార్లు చెప్పారు. కాపడం బట్ట అటక మీదికి పోయింది. నన్ను ఎవరూ తీయలేదు. గట్టు మీద దుమ్ములో ఉండిపోయాను.

మర్నాడు పొద్దున ఆయన చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు. కొత్త మెత్తటి బూట్లు అనంతలక్ష్మి చేతుల్లో ఉన్నాయి. ఒకదాంట్లో మణికట్టు దాకా చెయ్యి దూర్చి, లోపలంతా వేళ్లతో తడుముతోంది.

"అయ్యిందా తల్లీ? కాకినాడ బండి వచ్చేత్తాది."

"వచ్చేత్తే వచ్చింది. రెండోది చూడనివ్వండి."

రెండో బూటులోంచి ఆమె చెయ్యి ఒక చింతగింజతో బయటికొచ్చింది. దాన్ని నా పక్కన గట్టు మీద పెట్టి, ఆయన కాళ్ల దగ్గర వంగి కూర్చుంది.