పూడ్చిన పేరు

సమాధుల తోటలో సగం రాళ్లు మేస్త్రి చేతివే. ఎవరి తండ్రి పేరు ఎంత పొడుగు పట్టాలో, ఎవరి తల్లికి పువ్వులు కావాలో, ఎవరికి ఉత్త సిలువ చాలో ఆయనే చెప్పేవాడు, మిగతావాళ్లు తలూపేవాళ్లు. మొదటి భార్య పోయినప్పుడు మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. షెడ్డులో ఉన్నవాటిలో మంచి రాతిపలక తీశాడు. మెరుగు పెట్టకుండా ముతకగానే ఉంచాడు, ఆమెకు తళతళలు గిట్టవని. ఎడమవైపు ఆమె పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు చెక్కాడు. కుడివైపు తన పేరు, పుట్టిన ఏడు చెక్కి, పక్కన ఒక గీత గీసి వదిలేశాడు. ఏడుపంతా ఉలి మొనలోకి దిగిందేమో, ఆమె అక్షరాలకన్నా తన అక్షరాలే లోతుగా పడ్డాయి.

చర్చికి వచ్చేవాళ్లంతా ఆ పలక చూసి కళ్లు తుడుచుకున్నారు. పాస్టరుగారు పెళ్లి ప్రసంగాల్లో దాన్నే ఉదాహరణగా చెప్పేవారు. మేస్త్రి తల దించుకుని వినేవాడు. పొగడ్త కూడా ఉచ్చే. మెడకు బిగిశాక గానీ తెలియదు.

రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. వండుకోలేక చేసుకున్నాడని కొందరు, ఒంటరిగా పడుకోలేక చేసుకున్నాడని కొందరు అన్నారు. రెండూ నిజమే. పాస్టరుగారు ఆ ఉదాహరణ మానేశారు.

వచ్చినామె వేరే ఊరి మనిషి. భర్త పోయాక బట్టలు కుట్టి బతికింది. వస్తూ వస్తూ ఒక మిషను, ఒక ట్రంకు, ఒక కూతురు తెచ్చుకుంది. కూతురి నోటికి జడిసి వీధివాళ్లు ఆ పిల్లకు సూది అని పేరు పెట్టారు. మేస్త్రికి ఉన్నది ఒక్కడే కొడుకు. అయినా అందరికీ వాడు పెద్దోడే. సరుకుల వ్యాను నడుపుతాడు, మాటలు తక్కువ.

కుట్టుపనికి వెలుతురు కావాలి. ఆ ఇంట్లో వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే, దాని పైన మొదటి భార్య ఫొటో. కాబట్టి రెండో భార్య పగలంతా మొదటి భార్య కింద కూర్చుని మిషను తొక్కేది. ఫొటో తీయమని ఏనాడూ అడగలేదు. పెద్దోడు రోజూ పని నుంచి రాగానే దాని దుమ్ము తుడిచేవాడు, దుమ్మున్నా లేకున్నా. తుడిచిన గుడ్డ మిషను మీదే పడేసేవాడు. ఆమె మొదటి భర్త ఫొటో మాత్రం ట్రంకులో, బట్టల అడుగున, బోర్లా పడుకుని ఉండేది.

సూది మారు తండ్రిని మేస్త్రిగారూ అనేది.

"నాన్నా అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని తల్లి కసిరేది.

"మా నాన్న ట్రంకులో ఉన్నాడుగా. లేపనా?" అనేది సూది.

ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల తోటలో ఆరాధనకు వెళ్తారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె ఆ ఒక్క పొద్దున వంట పేరు చెప్పి ఇంట్లో ఉండిపోయేది. ఈసారి సూది ఒంటరిగా ఒక చరణం పాడుతోంది. తల్లి వెళ్లక తప్పదు. పండగకు వారం ముందు, మట్టలాదివారం నాడు, చర్చి మెట్ల దగ్గర పాస్టరమ్మ మంచి మనసుతోనే నోరు జారింది.

"తోటకొస్తే మేస్త్రిగారి రాయి తప్పకుండా చూడమ్మా. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే, ఎంత ముచ్చటగా ఉంటాయో!"

అని, నాలుక కరుచుకుంది.

ఆమె ఆ సాయంత్రమే ఒక్కతే వెళ్లి చూసొచ్చింది. అందరూ భోజనానికి కూర్చున్నాక చెప్పింది.

"రాయి చూసొచ్చాను."

"ఏ రాయి?" అన్నాడు మేస్త్రి.

"మీరు పడుకోబోయే రాయి."

"అది అప్పుడెప్పుడో చెక్కింది."

"అప్పుడు చెక్కిందే. ఇప్పుడూ ఉంది. మీరు ఆవిడ పక్కన పడుకుంటారు. బాగుంది. మరి నేనెక్కడ?"

"అన్నం ముందు చావు మాటలెందుకు?"

"రాసింది మీరు. నేను చదివానంతే."

"నిన్ను షెడ్డులో పెడతార్లే అమ్మా, అక్కడ రాళ్లు బోలెడు," అంది సూది.

"నోర్ముయ్యవే." ఆమె మేస్త్రి ముఖం మీంచి చూపు తిప్పలేదు. "పోయిన మా ఆయన్ని వాళ్లవాళ్లు తమ తోటలో పెట్టుకున్నారు. మారు మనువు చేసుకున్నదాన్ని ఆ గేటు దాటనివ్వరు. ఇక్కడ చూస్తే మీ పక్క నిండిపోయింది. బతికినన్నాళ్లూ ఆవిడ ఫొటో కింద కూర్చున్నాను. పోయాక ఎక్కడ కూర్చోను? పండగ పొద్దుటికి ఆ రాతి మీద మీ పేరు కనిపించకూడదు. కనిపించిందా, నేనూ నా పిల్లా మా అక్క దగ్గరికి పోతాం."

పెద్దోడు కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం అలాగే ఉంది.

"నాన్నా, అమ్మ రాయి మీద ఉలి పెట్టావంటే నాకు తండ్రి లేడు."

"మీ అమ్మ సగం నాకేం అడ్డం బాబూ? మీ నాన్న సగమే," అంది ఆమె.

"సగం సగం కొయ్యడానికి అదేం జాకెట్టు గుడ్డ కాదు పిన్నీ. అది ఒకటే రాయి."

వాడన్నది నిజం. ఆ నిజం మేస్త్రికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రాతి మీద అక్షరం చెరపాలంటే దాని అడుగు తగిలేదాకా ముఖమంతా అరగదియ్యాలి. లోతైన అక్షరాలు ఆయనవే. అవి పోయేలోపే ఆమెవి పోతాయి. కుడి సగమే అరగదీస్తే గుంట పడుతుంది, వానాకాలం అందులో నీళ్లు నిలుస్తాయి. కొత్త పలక వేద్దామంటే పెద్దోడు వెయ్యనివ్వడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ వారమంతా మేస్త్రి ఇంట్లో పిల్లిలా నడిచాడు. ముందు గదిలోకి వెళ్తే మిషను చప్పుడు ఆగేది. వెనక గదిలోకి వెళ్తే పెద్దోడు లేచి బయటికి పోయేవాడు. షెడ్డులోకి వెళ్తే నలుగురి చావులు పలకల మీద గీసి పెట్టి ఉన్నాయి. మనిషికి నిలబడే చోటు లేకుండా పోయింది.

శుక్రవారం మూడు గంటల ఆరాధనలో పాస్టరుగారు అరిమతయి యోసేపు గురించి చెప్పారు. తనకోసం రాతిలో తొలిపించుకున్న సమాధిని ఆయన ప్రభువుకు ఇచ్చేశాడన్నారు. తర్వాత ఆ యోసేపుకు చోటెక్కడ దొరికిందో, అతని భార్య ఏమందో ఏ సువార్తలోనూ లేదు. మేస్త్రి దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాడు. బైబిల్లో ఏడుగురన్నదమ్ములను ఒకరి తర్వాత ఒకరిని చేసుకున్న ఆడదాని సంగతి కూడా గుర్తొచ్చింది. పునరుత్థానంలో ఆమె ఎవరి భార్య అని అడిగితే, అక్కడ పెళ్లిళ్లే లేవన్నాడు ప్రభువు. ఆ జవాబు పరలోకానికి సరిపోతుంది. మేస్త్రికి కావలసింది ఆరడుగుల నేలకు.

ఆరాధనయ్యాక పాస్టరుగారి దగ్గర ఆగాడు.

"అయ్యగారూ, సమాధి మీంచి పేరు తీసేస్తే పాపమా?"

"పరలోకంలో జీవగ్రంథంలో మీ పేరుంటే చాలదా మేస్త్రీ!"

"ఉండొచ్చు. ఎవరి పక్కన రాశారో?"

పాస్టరుగారు దగ్గి, ఇంకొకరిని పలకరించడానికి వెళ్లారు.

శనివారం మిట్టమధ్యాహ్నం తోటలో ఎవరూ లేని వేళ చూసుకుని మేస్త్రి వెళ్లాడు. ఉలి తీసుకెళ్లలేదు. అదే రాతి పొడిని మెత్తగా జల్లించి, జిగురుతో కలిపి, తన అక్షరాల్లో ఒక్కొక్కదాంట్లో కూరాడు. బొటనవేలితో అదిమాడు. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాడు. గీతను కూడా పూడ్చాడు. నాలుగు వైపుల నుంచీ నిలబడి చూశాడు. నడినెత్తి ఎండలో రాయి ఒకే రంగులో, అమాయకంగా ఉంది. పేరు లేదు.

గిరాకీలకు రాయి చూపించేటప్పుడు మేస్త్రి ముందు నీళ్లు చల్లి చూపిస్తాడు. అతుకులు, చీలికలు తడిలోనే బయటపడతాయి. ఆ రోజు పక్కనే బకెట్టులో నీళ్లున్నాయి. చల్లలేదు. ఏం కనిపిస్తుందో తెలిసే చల్లలేదేమో.

ఇంటికొచ్చి భార్యతో, "పోయింది," అన్నాడు. పెద్దోడితో, "మీ అమ్మ రాయి మీద ఉలి పెట్టలేదు. ప్రమాణం," అన్నాడు. రెంటిలో ఒకటి అబద్ధం, రెండోది అంతకన్నా అబద్ధం. ఆ పూట మిషను చప్పుడు ఆగలేదు. పెద్దోడు కంచం ఖాళీ చేశాడు. సూది తన చరణం పాడి చూపించింది. నలుగురూ ఒక కుటుంబంలా కనిపించారు.

తెల్లవారుజామున తోటలో మంచు బాగా కురిసింది. కొవ్వొత్తులు పట్టుకుని జనం సమాధుల మధ్య నిలబడ్డారు. సూది గొంతు సన్నగా, నిజంగానే సూదిలా, చీకట్లోకి దిగింది. తల్లి కళ్లు తుడుచుకుంది. పాస్టరుగారు వాక్యం చదివారు. ప్రభువు సమాధి రాయి ఎవరు పొర్లిస్తారని దిగులుపడుతూ వెళ్లిన ఆడవాళ్లకు అది ముందే పొర్లి ఉండటం, ఆయన ఇక్కడ లేడని దూత చెప్పడం.

"ఆయన ఇక్కడ లేడు!" అని పాస్టరుగారు గట్టిగా అన్నప్పుడు వెలుగొచ్చింది.

పెద్దోడు తల్లి పలక మీద కొవ్వొత్తి నిలబెట్టడానికి వంగి, వంగినవాడు అలాగే ఉండిపోయాడు. రాయి మంచు పీల్చుకుని నల్లబడింది. జిగురు పీల్చుకోలేదు. నల్లటి పలక మీద మేస్త్రి పేరు తెల్లగా, పొడిగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పైకి తేలింది. గీతతో సహా. ఉలితో చెక్కినప్పుడు కూడా అంత స్పష్టంగా లేదు.

సూది పాటల పుస్తకం మూసి తొంగి చూసింది.

"ప్రభువు మూడో రోజు దాకా ఆగాడు మేస్త్రిగారూ. మీరు ఒక్క రాత్రికే లేచారు!"

ఎవరూ నవ్వలేదు. పెద్దోడు గోటితో ఒక అక్షరం గీకాడు. అంచు పెచ్చు లేచింది.

"తీసేస్తే తీసేశావనుకునేవాణ్ణి. ఉంచితే ఉంచావనుకునేవాణ్ణి. ఇదేంటి? అమ్మ పక్కన ఉండటానికి సిగ్గేసి నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకున్నావా?"

"ఒరేయ్, ఇద్దరికీ నొప్పి లేకుండా..."

"నువ్వు పోయిన రోజు పిడికెడు మన్ను కూడా వెయ్యను." కొవ్వొత్తి ఆర్పి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. గేటు బయట వ్యాను కదిలిన చప్పుడైంది.

సూది తల్లి ఆ పేరును మొదటి నుంచి చివరిదాకా చదివింది. అందరికన్నా ముందు నడిచి ఇంటికెళ్లింది.

మేస్త్రి వెళ్లేసరికి ట్రంకు ముందు గది మధ్యలో తెరిచి ఉంది. బట్టలు సగం సర్దినట్టున్నాయి, సగం తీసినట్టున్నాయి. ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది. అక్క ఇంట్లో ఉన్నది ఒక్క గది. ఆ గదిలో అక్క, బావ, మంచాన పడ్డ అత్త. పోతానన్నప్పుడే ఆమెకు తెలుసు, పోవడానికి చోటు లేదని. మేస్త్రికీ తెలుసు. తెలిసే భయపడ్డాడు. పోయేదే అయితే ఒక్క రోజు ఏడుపు. పోలేనిది రోజూ ఎదురుగా ఉంటుంది.

ఆమె లేచి ట్రంకు అడుగు నుంచి ఫొటో తీసింది. షెడ్డులోంచి సుత్తి తెచ్చి, ఎదురు గోడకు మేకు కొట్టి తగిలించింది. ఆమె మొదటి భర్త, మేస్త్రి మొదటి భార్య ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నారు. తర్వాత ఆ సుత్తి మేస్త్రి చేతిలో పెట్టింది.

"నాకొక రాయి తియ్యి," అంది. ఇన్నేళ్లలో ఆయన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు.

"ఇవాళ పండగ."

"పండగే. రాళ్లు కదిలే రోజు. తియ్యి."

షెడ్డులో మేస్త్రి ఒక పలక లాగాడు. ఆమె తలూపలేదు. ఇంకోటి లాగాడు.

"అది వెడల్పు. సన్నది తియ్యి. నా పేరు ఒక్కటే పట్టాలి. అటు పక్క గానీ ఇటు పక్క గానీ ఇంకో పేరుకు చోటు మిగలకూడదు. నీదైనా సరే."

"కోపంలో అంటున్నావు."

"నువ్వు ఏడుపులో చెక్కావు. నేను కోపంలో చెక్కించుకుంటున్నాను. పుట్టిన ఏడు వెయ్యి. గీత గియ్యి."

సూది గుమ్మంలో నిలబడి ఉంది. మేస్త్రి సుద్దముక్కతో పేరు గీశాడు. ఇన్ని రాళ్లు చెక్కిన చేతికి ఆ పేరు గీయడం అదే మొదటిసారి.

చర్చి నుంచి తిరిగొస్తున్న ముసలాయన ఒకడు షెడ్డు ముందు ఆగి చెయ్యెత్తాడు.

"క్రీస్తు లేచాడు మేస్త్రీ!"

"నిజంగా లేచాడు," అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

ఆయన వెళ్లేదాకా ఆగి, ఉలి మొన మొదటి అక్షరం మీద ఆనించి అడిగాడు.

"ఎంత లోతు?"

"నీ పేరంత."

మేస్త్రి సుత్తి ఎత్తాడు.