అమ్మ వేడికి ఏ అక్షరం?

జనవరి పొద్దున ఇవోన్ ముందు కోటు తొడుక్కుంటుంది, తర్వాత ఇంటికి గాలాడాలని కిటికీలన్నీ బార్లా తెరుస్తుంది. పోర్చుగల్ కొండల్లోని బ్రగాన్సాలో ఇంట్లో కోటు వేసుకుని, వీధి ఎండలో విప్పడం మామూలే. ఆ పైన కాఫీ గిన్నెతో వంటింటి గోడకి వీపు ఆనించి కూర్చుంటుంది. అమ్మ అక్కడే ఆనుకుని చెస్ట్‌నట్ కాయలు ఒలిచేది. పిల్లలిద్దరూ, తనూ తమ్ముడూ, ఆమె శాలువాలో దూరేవాళ్ళు. అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళు. గోడ మాత్రం అమ్మ వీపంత మేర వెచ్చగానే ఉంది. పక్కింటి జుల్మీరా రొట్టెపిండి పొంగడానికి అక్కడే పెట్టి పోతుంది.

ఇప్పుడు తమ్ముడు అబీలియు ఇల్లు బేరానికి పెట్టాడు. సగం వాటా వాడిది, ఇవోన్ కాదనలేకపోయింది. అమ్ముడైతే ఆమె పోర్టోలో ఏదో అద్దె గదికి పోవాలి. ఇల్లు ఎంత వేడి నిలుపుతుందో చెప్పే పత్రం లేనిదే అమ్మకం సాగదు. అందులో మార్కులు అక్షరాల్లో వేస్తారు: 'ఏ' మేలు, 'ఎఫ్' అధ్వానం. డి కన్నా తగ్గితే వద్దన్నాడు కొనేవాడు.

పత్రం రాసే నతెర్సియా వచ్చి, ఒంటిపొర అద్దాలూ ఒట్టి పెంకులూ చూసి పెదవి విరిచింది.

"ఎఫ్ అండీ."

ఇవోన్‌కి ఒళ్ళు మండింది. ఎఫ్ వస్తేనే తన గూడు నిలుస్తుందన్న సంగతి ఆ క్షణాన గుర్తే లేదు.

"ఏమ్మాయ్, మా అమ్మ ఇంటికి ఆఖరి మార్కా! అద్దానికి మార్కు, పెంకుకి మార్కు, ఇన్నేళ్ళు ఇల్లు కాచిన మనిషికి సున్నానా? అమ్మ వేడి నిలిచిన ఆ గోడ చూడు ముందు!"

"అయ్యో, ముందే చెప్పొద్దూ! దానికి 'ఇతర వేడి' అని గడి ఉంది. డి ఖాయం."

నతెర్సియా గోడకి పరికరం ఆనించింది. మళ్ళీ ఆనించింది. అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. గోడ మంచుగడ్డ.

"అమ్మగారు ఇవాళ ఇంట్లో లేనట్టున్నారు," అని ఎఫ్ రాసి, సంచి సర్దుకుంది.

ఇవోన్ రెండు రోజులు వంటింట్లో అటువైపు చూడలేదు. "ఊరందరి పిండీ పొంగిస్తావు, నా పరువు దగ్గరికొచ్చేసరికి చల్లబడ్డావు!" అని గోడని దెప్పిపొడిచింది.

మూడోనాడు అబీలియు ఫోన్ చేశాడు. "కొనేవాడు వద్దన్నాడక్కా. ఆ అక్షరం చూసి ఇంకెవడూ రాడు. ఏలుకో, ఆ మంచుగుహ నువ్వే ఏలుకో!"

ఫోన్ పెట్టేసి ఆమె గోడకి వీపు చేసి నిలబడింది. వెనకనుంచి వెచ్చదనం వచ్చి వీపుకి తగిలింది. అమ్మ ఆ రోజు ఎందుకు చల్లబడిందో అప్పుడు తట్టింది.

"ముందే చిన్న సైగ చేసి ఉంటే," అంది గోడతో, కోపం ఇంకా దిగక, "ఆ పిల్ల ముందు అంత గొంతు చించుకునేదాన్నా?"