అంచు కనిపించని చీర

ఆదోని ఫోటో మిత్రుల బృందంలో సభ్యులు పదకొండు మంది, వాళ్ల దగ్గరున్న మాట మాత్రం ఒక్కటే: ‘సూపర్’. వాట్సాప్‌లో తల తెగిన పెళ్లికొడుకును పెట్టినా అదే, వానకు తడిసిన మేకను పెట్టినా అదే. విసుగెత్తిన యూసుఫ్ సాబ్ నెలకో ఆదివారం అందరినీ తన స్టూడియోలో కూర్చోబెట్టి, నలుపు తెలుపు ఫోటోలు గోడకు అంటించి, ఒక కట్టడి పెట్టాడు. తీసినవాళ్లు నోరు మూసుకుని వినాలి. చూసినవాళ్లు ‘సూపర్’ అనకుండా నాలుగు మాటలు చెప్పాలి. మొదటి నెల అందరూ ‘చానా బాగుంది’ అన్నారు.

ఈ ఆదివారం పని వేరు. కర్నూలులో జరిగే ప్రదర్శనకు బృందం తరఫున ఒక్క ఫోటోనే పంపాలి. వడపోతలో రెండు మిగిలాయి. ఒకటి ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చే ఉమాదేవిది: కోసిగి రోడ్డు పక్కన వలసపోయే కూలీలు, వాళ్ల మూటల మీద ఒక కోడి. రెండోది డిగ్రీ చదువుతున్న అల్మాస్‌ది: మగ్గం మీద నేతగాడు ఉచ్చీరప్ప చేతులు, వాటి కింద సగం నేసిన చీర.

మూడేళ్లుగా ఉమాదేవి ఫోటో ఒక్కటీ ఊరు దాటలేదు. ఇంటాయన తిరుపాల్ ఆమె కెమెరాను ‘నీ మూడో బిడ్డ, ఇంకా నడక రాలేదు’ అనేవాడు.

పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ రాజశేఖర్ ముందు లేచాడు.

“అక్క ఫోటోలో మనుషులంతా కిందికి సూస్తాంటే కోడి ఒక్కటే రోడ్డు దిక్కు సూస్తాంది. అది భలే ఉండాది. అల్మాస్‌ది చేతులు బాగుండాయి గానీ మిగతాదంతా బూడిద. అక్కదే పంపిద్దాం సాబ్.”

అల్మాస్ దుపట్టా కొసను వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది.

ఉమాదేవి ఇప్పుడు చేయాల్సిందల్లా ఊరికే కూర్చోవడం. పదిహేనేళ్ల కాపురంలో ఆ విద్య ఆమెకు బాగానే పట్టుబడింది. కానీ ఆమె పుట్టింట్లో రెండు మగ్గాలుండేవి. ఆ చప్పుడులోనే డిగ్రీ దాకా చదివింది. కళ్లు ఆ చీర మీది నుంచి కదలలేదు.

“అల్మాస్, ఆ చీర అంచు ఏం రంగు?”

పిల్ల యూసుఫ్ సాబ్ వైపు చూసింది. ఆయన చెప్పమన్నట్టు తలూపాడు.

“ఎర్రదక్కా. చీరేమో ఆకుపచ్చ.”

“అదీ సంగతి. రంగులుండంగ ఆ రెండూ కొట్లాడుకుంటాయి. రంగు తీసేస్తే రెండూ ఒకే బూడిద. ఉచ్చీరప్ప మామ వంగిందే ఆ అంచు కోసం. అదే నీ బొమ్మలో లేకపోతే, ఆయన గాలిని నేస్తాన్నట్టుండాది.”

“అయితే ఇది పనికిరాదా అక్కా?” అల్మాస్ దుపట్టా కొస వదిలేసింది.

“పనికిరాకుంటే ఇంతసేపు సూస్తానా? ఆ చేతి వేళ్ల మీద ఎలుతురు పట్టినావు సూడు, అది నాకు మూడేండ్లుగా చేతకాలేదు. రంగుల ఫైలు దాసినావా?”

దాచింది. యూసుఫ్ సాబ్ కంప్యూటర్ ముందు కూర్చుని, “మా కాలంలో లెన్సుకు ఎర్రద్దం తగిలిస్తాంటిమి” అంటూ తెర మీద ఎరుపు మీటను పైకి జరిపాడు. అంచు తెల్లబడుతూ చీరలోంచి విడివడింది. అంచులో నేసిన కోటకొమ్మల బొమ్మలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. చేతులు కూడా తెల్లబడ్డాయి.

“ఆపు సాబ్, మామకు పౌడరు పూసినట్టయినాది!” అంది ఉమాదేవి.

ఆయన నవ్వుతూ కాస్త తగ్గించాడు. చేతులు మళ్లీ నలుపెక్కాయి, అంచు మాత్రం నిలిచింది. అందరి చూపూ నేరుగా ఆ అంచు మీదికే పోయింది.

“నీ ఫోటోకు నువ్వే అడ్డం పడితివి గదక్కా” అన్నాడు రాజశేఖర్.

“నా కోడి యాడికీ పోదులేప్పా. దీన్ని పంపండి.”

సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో ఉండగా తిరుపాల్ ఫోన్ చేశాడు.

“ఎవరిది పంపినారు?”

“అల్మాస్‌ది.”

“అయ్యో. బాధగా ఉందా?”

“రవ్వంత. ఆ అంచును బయటికి లాగింది ఉమాదేవి అని ఫోటో కింద రాయరు గదా. అందుకే నేనే సెప్పుకుంటాండా. పక్క సీటామెకు అయిపాయె. ఇంగ కండక్టరు మిగిలినాడు.”