ముందే చెల్లించిన కృతజ్ఞత

అడిగిన మేలు చేతికి రాకముందే దేవునికి కృతజ్ఞత చెల్లిస్తే ఆ మేలు తప్పక జరుగుతుందని రాజోలు దగ్గరి ఆ క్రైస్తవ పేటలో నమ్మేవారు. జరగకపోతే లోపం అడిగినవారి విశ్వాసంలో ఉందనేది ఆ నమ్మకానికి అనుబంధం. ఈ అనుబంధం ఉన్నంతకాలం నమ్మకం ఓడిపోయే అవకాశం లేదు. 1981 వేసవిలో సీమోను కూతురి పదో తరగతి ఫలితం విషయంలో దానికి పరీక్ష జరిగింది. పరీక్షించాలన్న ఉద్దేశం మాత్రం అతనికి లేదు.

సీమోను కొబ్బరికాయలు ఒలిచేవాడు. భార్య కరుణమ్మ పీచు నానబెట్టి, కొట్టి, తాళ్ళు పేనేది. ఆ నీటిలో నాని ఆమె వేళ్ళు ఏడాది పొడవునా చీలి ఉండేవి. కూతురు సలోమి ఆ పేట నుంచి పదో తరగతి పరీక్ష రాసిన మొదటి ఆడపిల్ల. మిషన్ ఆసుపత్రివారు నర్సు ట్రైనింగులో ఆమెకు సీటు ఇస్తామన్నారు. ఒక్కటే షరతు: పది మొదటిసారే ప్యాసు కావాలి. లేకపోతే తల్లి పక్కన కూర్చుని పీచు కొట్టాలి.

లెక్కల పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం సీమోను ఒలుపు ఆపి అడిగాడు.

"ఎలా రాసేవమ్మా?"

"బానే రాసేను నాన్నా."

అది నిజం కాదు. రెండో పేపరులో జ్యామితి ప్రశ్నలను ఆమె ముట్టుకోనే లేదు. లెక్కల మాస్టారు దసరా సెలవుల తర్వాత బదిలీ అయ్యారు. ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. జ్యామితి పుస్తకంలో ఉంది గాని చెప్పినవారు లేరు.

సంఘపెద్ద కృపానందంగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. పేటవాళ్ళను ఇంటికి పిలిచి ప్రార్థన చేసే కృతజ్ఞత కూడిక ఫలితాలకు ముందే పెట్టమని సలహా ఇచ్చింది ఆయనే.

"వచ్చేక ఎవరైనా పెడతారు సీమోనూ. రాకముందు పెట్టడంలో ఉంది విశ్వాసం."

"ఆయ్. అలాగేనండి."

కూడిక రోజు పొద్దున్న వాకిట్లో చాపలు పరుస్తూ సలోమి తల్లితో మెల్లగా అంది.

"అమ్మా, లెక్కలు పోతాయేమో. ఇప్పుడు కూడిక వద్దని నాన్నకి చెప్పవా?"

కరుణమ్మ చాప వదిలేసి కూతురి నోరు మూసింది. "నోటితో అనకు. ఈ పూట అసలు అనకు."

సాయంత్రం పేట అంతా వచ్చింది. పాటల తర్వాత సలోమిని సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె లేచి, దేవుడు తనకు చేసిన మేలుకు స్తోత్రమని చెప్పి కూర్చుంది. ఏ మేలో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందరికీ అరటిపళ్ళు, టీ ఇచ్చారు. ముసలమ్మలు "నర్సమ్మగారూ" అని పిలిచి, తమ మోకాళ్ళ నొప్పులు అప్పుడే చెప్పుకున్నారు.

మర్నాడు బస్సుల దగ్గర టీ కొట్టు పోలిరాజు సీమోనును ఆపాడు.

"ఏం సీమోనూ, రిజల్టు రాకుండానే పండగ చేసేసేరంట. మీ దేవుడికి అడ్వాన్సు ముట్టినట్టేనా?"

"అడ్వాన్సు కాదండి. నమ్మకమండి."

"సరేలే. నా టీ దగ్గర మాత్రం ఆ పద్ధతి పెట్టకు. ముందు తాగి చెప్పు, ఎలా ఉందో."

సీమోను నవ్వాడు. అతను నవ్వగా పోలిరాజు చూడటం అదే చివరిసారి.

ఫలితాల పేపరు గోదావరి దాటి మధ్యాహ్నం బస్సులో వచ్చింది. పోలిరాజు బల్ల మీద పరిచి, సీమోను చెప్పిన నంబరు కోసం మొదటి శ్రేణిలో, రెండులో, మూడులో వేలు పెట్టి వెతికాడు. మళ్ళీ మొదటి నుంచి వెతికాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

"అచ్చులో పోయిందేమో. స్కూల్లో అడుగు."

అచ్చులో పోలేదు. స్కూల్లో మార్కులు ఇచ్చారు. తెలుగులో, సైన్సులో మంచి మార్కులే. లెక్కల్లో ఇరవై రెండు. రీకౌంటింగు కోరితే, మార్పు లేదని జవాబు వచ్చింది.

ఆదివారం ఆరాధన కాగానే కృపానందంగారు సీమోను ఇంటికి వచ్చారు. మంచం మీద కూర్చున్నారు.

"ఇంట్లో ఎవరో అనుమానపడి ఉంటారు సీమోనూ. లేకపోతే ఇలా జరగదు."

కరుణమ్మ కూతురివైపు చూసింది. "చాపలు పరిచేటప్పుడు అందండి, లెక్కలు పోతాయేమోనని. వద్దన్నాను. అప్పటికే అనేసింది."

"అది అనుమానం కాదండి. నాకు తెలుసండి," అంది సలోమి.

"తెలిసినా అనకూడదమ్మా. అంటే అదే జరుగుద్ది," అన్నారు కృపానందంగారు.

"నేను అనకముందే లెక్కల పేపరు రాసి ఇచ్చేసేనండి."

సీమోను లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనతో వాదిస్తావా? లోపలికి పో."

తరువాతి ఆదివారం సీమోను సంఘం ఎదుట మోకరించి, తన ఇంటి అవిశ్వాసాన్ని క్షమించమని బిగ్గరగా ప్రార్థించాడు. కూతురి పేరు చెప్పాడు. ఆమె ఆడవాళ్ళ వరసలో కూర్చుని విన్నది. పక్కనున్న ముసలమ్మ చాప మీద కొంచెం దూరం జరిగింది. ఆ వేసవిలో సలోమిని నర్సమ్మగారని మళ్ళీ ఎవరూ పిలవలేదు. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా కావలసివస్తే భార్యతో చెప్పేవాడు. సలోమి పగలు పీచు కొట్టేది. చేతులు ఖాళీ అయినప్పుడు జ్యామితి పుస్తకం తెరిచి, ఒక సిద్ధాంతాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా, అర్థం కాకపోయినా, బట్టీ పట్టేది.

"ఇంకెందుకే అది?" అంది కరుణమ్మ ఒకసారి.

"రాసెయ్యాలమ్మా. ఆసుపత్రివాళ్ళు తీసుకోరని తెలుసు."

సెప్టెంబరులో సలోమి రాజోలు వెళ్ళి లెక్కల పరీక్ష మళ్ళీ రాసింది. ఈసారి కూడిక పెట్టలేదు. ప్రార్థించమని ఎవరినీ అడగలేదు. ఎలా రాశావని ఎవరూ అడగలేదు.

లెక్కల్లో నలభై ఒకటి వచ్చాయి. ప్యాసయింది. మొదటిసారి ప్యాసు కానందువల్ల ఆసుపత్రివారు సీటు ఇవ్వలేదు. డిసెంబరు నాటికి ఆమె వేళ్ళు కూడా చీలాయి.