మిరపకాయ చూపించి కొన్న కెమెరా

మా ప్రత్తిపాడులో ఏదీ ఒక్కరే వెళ్లి కొనుక్కోరు. చీర కొనాలంటే నలుగురు ఆడవాళ్లు బస్సెక్కుతారు. గేదెను కొనాలంటే పొదుగు చూడటానికి ఒకరు, సుడి చూడటానికి ఒకరు, బేరం చెడితే సర్దిచెప్పడానికి ఒకరు. మా పెళ్లప్పుడు మా ఆయనకు చేతి గడియారం కొనడానికి ఇంటిల్లిపాదీ గుంటూరు వెళ్లారు. తీరా చూస్తే అందులో ఒక్కరికీ టైము చూడటం రాదు. దుకాణంవాడు తిప్పి ఇచ్చిన ముల్లునే నమ్మి తెచ్చారు. అది పాడయ్యేదాకా మా ఇంట్లో అందరం ఊరికంటే అరగంట ముందే అన్నాలు తిన్నాం.

అలాంటి ఇంట్లో మా ముబీను, డిజిటల్ కెమెరా కొంటానని నోరు జారాడు.

ముబీను నా పెద్దకొడుకు. బస్టాండు పక్కన ఫోటో స్టూడియో వాడిది. రీలు కెమెరాతో ఈ ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు తీశాడో! పనిమంతుడే, కానీ నోట్లో మాట లేదు. "నవ్వండి" అనడానికి కూడా మొహమాటం. అందుకే వాడు తీసిన పెళ్లి ఫోటోల్లో పెళ్లికొడుకు దగ్గర్నుంచి వంటవాడి దాకా అందరూ కోర్టులో సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డట్టుంటారు.

డిజిటల్ వచ్చాక గిరాకీ పడిపోయింది. ఎదుటి స్టూడియో ఆయన బోర్డు పీకేసి సెల్ రీచార్జిల కొట్టు పెట్టుకున్నాడు. "ఇంకా రీలేనా?" అని అడిగి, ఎడ్లబండి మీద హైదరాబాదు బయల్దేరినవాణ్ణి చూసినట్టు జాలిగా చూసి పోయేవాళ్లు జనం.

సరిగ్గా అప్పుడు జక్రయ్య మాస్టారు కూతురు జెస్సీకి సంబంధం కుదిరింది. ఆయన మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరయ్యాడు, చర్చిలో సంఘపెద్ద. ఆయన ఇంటి శుభకార్యానికి ఎవరు వండితే ఊరందరికీ వాళ్లే వంటవాళ్లు, ఎవరు వాయిస్తే వాళ్లదే బ్యాండు. ఆయనే స్టూడియోకి వచ్చి చెప్పాడు.

"ముబీనూ, జెస్సీ ప్రధానం నువ్వే తియ్యి. కానీ డిజిటల్లో తియ్యాలి. అవి బాగుంటే పెళ్లి కూడా నీదే. లేదంటే గుంటూరు వాళ్లను పిలిపిస్తాను. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకపోతే ఎలా? ప్రధానమంటే వాళ్లలో పెళ్లి నిశ్చయం చేసుకునే వేడుక. అది చెడి మాస్టారు గుంటూరు వాణ్ణి పిలిచాడా, ఆ మర్నాటి నుంచి మా స్టూడియో గడప తొక్కేవాడుండడు. ముబీను కూడా రీచార్జిలు అమ్ముకోవాల్సిందే.

వాడు ఎవరికీ చెప్పకుండా గుంటూరు వెళ్లి చూసొచ్చాడు. వచ్చి వంటింట్లో నా పక్కన కూర్చుని, వేరుశెనక్కాయలు ఒలుస్తూ చెప్పాడు.

"నల్లదొకటి ఉందమ్మా. మోడలు పాతది, అందుకే మన చీటీ డబ్బుకు వస్తోంది. లెన్సు మార్చుకోవచ్చు. పట్టుకుంటే చేతికి ఎలా అమిరిందనుకున్నావు!"

"ఇంకేం మరి, తెచ్చుకో."

"మామకు చెప్పకుండానా?"

మామ అంటే నా తమ్ముడు గౌస్ బాషా. వాడి కూతురు జమీలాను ముబీనుకు చేసుకున్నాం. మేనమామా వాడే, పిల్లనిచ్చిన మామా వాడే. అందుచేత మా ముబీను వాణ్ణి రెండుమార్లు గౌరవించాలి. గౌసు గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేసి ముసలివాడయ్యాడు. టిక్కీలో, అంటే మిరపకాయల బస్తాలో, చెయ్యి దూర్చి గుప్పెడు కాయ పైకి తీశాడంటే, రంగు చూసి ఏ నేలలో పండిందో చెప్పేస్తాడు. ఎర్రగా నిగనిగలాడితే సరుకు, పాలిపోతే తాలు. మనుషుల్ని చూసినా అంతే. ముబీనుకు పిల్లనిచ్చేముందు కూడా మేనల్లుడని చూడకుండా వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో నిలబెట్టి చూశాడు.

కబురు గౌసుకు చేరింది. గౌసు నుంచి వీధికి చేరింది. పురుగుమందుల కొట్టు అల్లాబక్షు ముందుగా వచ్చి అరుగెక్కాడు.

"మెగాపిక్సెల్ ఎంతరా ముబీనూ?"

"ఆరు."

"ఆరేంట్రా ఆరు! పది ఉన్నవి వస్తుంటే! పెద్దమ్మా, నువ్వే చెప్పు, ఎరువు బస్తా మీద నంబరు పెద్దదుంటే చేనుకు బలమా, కాదా?"

"ఎరువూ కెమెరా ఒకటేనా అల్లాబక్షూ?"

"నంబరు నంబరే కదా పెద్దమ్మా. పోనీ, జూమ్ ఎంత? మా బావమరిది కెమెరాలో చందమామ ఇంత దగ్గరగా కనిపిస్తాడు."

"జెస్సీ పెళ్లికి చందమామను కూడా పిలిచారా ఏం?" అన్నాను.

అప్పటిదాకా వింటున్న గౌసు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నంబర్లదేముందిరా, గోనెసంచి మీద ఎవడైనా ఏదైనా అచ్చేస్తాడు. సంచి విప్పి సరుకు చూడాలి. రేపు నేనొస్తా." ముబీను నావైపు చూశాడు. నేను పొయ్యివైపు చూశాను.

డబ్బు నా బొడ్డుసంచిలో ఉంది గనక నేనూ బయల్దేరాను. గుంటూరులో చల్లటి కొట్టు, అద్దాల తలుపు, టై కట్టుకున్న కుర్రవాడు. ముబీను తనకు నచ్చిన నల్ల కెమెరా అడిగి చేతిలోకి తీసుకున్నాడు. వాడి మొహం చూస్తే నాకు వాడు చిన్నప్పుడు కోడిపిల్లను పట్టుకోవడం గుర్తొచ్చింది. దాని పట్టీ కొసన తెల్లటి గీత పడి ఉంటే వేలితో తుడిచాడు, పోలేదు. నవ్వుకున్నాడు.

"ఆగరా," అని గౌసు తువ్వాలు కొస ముడి విప్పాడు. గాజుబల్ల మీద బొలబొలా ఎండుమిరపకాయలు.

టై కుర్రవాడు వెనక్కి గెంతాడు. "ఏంటి సార్ ఇది?"

"మా కల్లంలో ఎండిన కాయ. తొడిమ చూడు, ఎంత తాజాగా ఉందో! దీన్ని ఫోటో తియ్యి. కాయ ఎలా ఉందో అలా వస్తే కొంటాం." అని ఒక కాయను ఫెళ్లున విరిచాడు. మూసిన గది, పైన చల్లగాలి యంత్రం. ఘాటు కొట్టంతా తిరిగింది. కెమెరాలు చూడటానికి వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతూ బయటికి నడిచారు. లోపల మిగిలింది మేము, కళ్లు తుడుచుకుంటూ ఆ కుర్రవాడు.

అతను నల్ల కెమెరాతో కాయల్ని ఫోటో తీసి, దాని వెనకవైపున్న బుల్లి టీవీలో చూపించాడు. గౌసు కాయను దాని పక్కన పెట్టి చూసి పెదవి విరిచాడు.

"రంగు లేదు. తాలు."

"సార్, ఉన్నదున్నట్టు వచ్చింది కదా."

"ఉన్నదున్నట్టు చూపించేవాడు యార్డులో ఒక్క టిక్కీ అమ్మలేడు బాబూ! ఇంకోటి తియ్యి."

ముబీను చేతిలోంచి కోడిపిల్ల ఎగిరిపోయింది. ఆ కుర్రవాడు మరో రెండు చూపించాడు. తాలు, తాలు. ఈసారి గట్టిగా తుమ్మి, నల్లదాన్ని తీసుకుని బీరువా చాటుకు వెళ్లాడు. టక్కుటక్కుమని ఏవో మీటలు నొక్కిన చప్పుడైంది. తిరిగొచ్చి, "ఇప్పుడే వచ్చిన సరుకు సార్, ఇంకా బయట పెట్టలేదు," అన్నాడు.

మళ్లీ తీశాడు. బుల్లి టీవీలో కాయలు నిప్పుకణికల్లా మండిపోతున్నాయి. నిజం కాయలు వాటి ముందు వెలవెలబోయాయి.

"ఇదిరా సరుకంటే!" గౌసు బల్ల చరిచాడు.

నా కళ్లు కెమెరా పట్టీ మీద పడ్డాయి. కొసన అదే తెల్ల గీత. నోరు తెరవబోతే ముబీను నా కాలివేలు తొక్కాడు. మూసుకున్నాను.

ఇంక బేరం. గౌసు తన తువ్వాలు తీసి ఆ కుర్రవాడి చేతి మీద కప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి వేళ్లు పట్టుకున్నాడు. మావాళ్ల పాత పద్ధతి అది. ధర పైకి చెప్పరు, తువ్వాలు కింద వేలు నొక్కి చెబుతారు. పాపం ఆ కుర్రవాడికి తెలియదు. మొహం పాలిపోయింది.

"సార్, చెయ్యి వదలండి సార్! ఏం కావాలో చెప్పండి, ఇచ్చేస్తా!"

సంచీ ఒకటి, తుడుచుకునే గుడ్డ ఒకటి ఊరికే ఇచ్చాడు. "నా వేళ్లలో ఇంకా ఉంది పట్టు," అని బస్సులో దారి పొడుగునా చెప్పుకున్నాడు గౌసు.

ఇంటికొచ్చిన మర్నాడే ముబీను ఆ రంగు తగ్గించే మీట కనిపెట్టాడు. కానీ రోజూ పొద్దున్నే టీ తాగడానికి వచ్చే గౌసు ఓ మిరపకాయ జేబులో వేసుకొచ్చి, "ఏదీ, తియ్యి," అనేవాడు. తగ్గిస్తే కొట్టువాడు మోసం చేశాడంటాడు. జెండా పట్టుకుని గుంటూరు పోతాడు. కొట్టువాడు వెనక్కి తీసుకుంటే ఆ నల్లది మళ్లీ దక్కదు. అందుకని ముబీను ఎరుపు ఎరుపుగానే ఉంచేశాడు.

ప్రధానం రోజు గౌసు పిలవకుండానే ముబీను పక్కన చేరాడు. తీసిన ప్రతి ఫోటో బుల్లి టీవీలో చూసి, "భేష్! కానీ పాస్టరు గారికి ఇంకొంచెం రంగు ఎక్కించు," అని సలహా. ముబీను మొహమాటమే మా కొంప ముంచింది. కాదనలేక ఎరుపు మీట ఇంకాస్త తిప్పాడు.

ఫోటోలు గుంటూరు ల్యాబు నుంచి వచ్చిన సాయంత్రమే జక్రయ్య మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. గౌసు అరుగు మీదే ఉన్నాడు. జమీలా టీ పెట్టడానికి లేచింది.

"టీ వద్దమ్మా. ఖుర్షిదక్కా, ఇవి చూడు." కవరు నా ఒళ్లో పెట్టాడు.

చూశాను. జెస్సీ కట్టింది పాలనురుగులాంటి తెల్లచీర. ఫోటోలో అది గులాబీ రంగు. కేకు ఇటుక. ఎవర్నీ పల్లెత్తు మాట అనని పాస్టరు గారు మిరపకాయ కొరికి బైబిలు పట్టుకున్నట్టున్నారు. పెళ్లికొడుకు తల్లి అయితే ఇప్పుడే లేచి కొట్టేలా ఉంది.

"వియ్యపురాలు ఫోటో చూసి, నన్ను రాక్షసిలా తీయించారేంటని అడిగింది," అన్నాడు మాస్టారు. "ముబీనూ, మంచివాడివే. కానీ పెళ్లికి గుంటూరు వాళ్లను పిలుస్తాను. ఏమీ అనుకోకు."

"రంగు చూడండి మాస్టారూ, ఎంత నిండుగా ఉందో!" అన్నాడు గౌసు.

"నేను కూతురికి పెళ్లి చేస్తున్నానయ్యా, మిరపకాయల వేలం కాదు!"

ముబీను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మేనమామ ఒకవైపు, పిల్లనిచ్చిన మామ ఇంకోవైపు, ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఉంటే ఎటు తిరుగుతాడు? నేనే అన్నాను.

"ఒరేయ్ ముబీనూ, రీచార్జిల కొట్టుకు బోర్డు రాయిస్తావా, నోరు విప్పుతావా?"

వాడు కెమెరా తీసుకుని అరుగు ముందుకొచ్చాడు. "మామా, కోప్పడకు. ఎరుపు ఈ కెమెరాది కాదు. ఎర్రగా చూపించమని మీట పెట్టి ఉంది. ఇలా అంటే పోతుంది."

"పోతే ఆ తాలు నల్లదానికీ దీనికీ తేడా ఏముందిరా?"

"అది ఇదే మామా. బీరువా చాటుకు తీసుకెళ్లి, మీట నొక్కి, మళ్లీ నీకే చూపించాడు."

జమీలా కొంగు నోట్లో కుక్కుకుంది. గౌసు కెమెరా తీసుకుని, పట్టీ తిప్పి గీతను చూశాడు. ముబీనును చూశాడు. నన్ను చూశాడు. నేను ఆకాశంలో కొంగల్ని చూస్తున్నాను.

"నాకా!" అన్నాడు చివరికి. "ఒక టిక్కీని రెండుసార్లు చూపించి ఎంతమంది షావుకార్లకు అంటగట్టానురా నేను! టై కట్టుకున్న పిల్లకాకి నా విద్య నాకే చేశాడా!" అని ముందు తనే నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. జమీలా కొంగు వదిలేసింది. జెస్సీ పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడింది. ఎప్పుడూ క్లాసు రూములో ఉన్నట్టుండే జక్రయ్య మాస్టారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు.

టక్కుమంది కెమెరా. ముబీను ఎవర్నీ నవ్వమనలేదు.

బుల్లి టీవీ మాస్టారి ముందు పెట్టాడు. సాయంత్రపు ఎండలో జెస్సీ, జెస్సీలాగే ఉంది. మా సున్నపు గోడ తెల్లగా ఉంది. మాస్టారి నుదుటి మీద గీతలు, పక్కపన్ను లేని నవ్వు, తలకు వేసిన రంగు కింద తెల్ల కుదుళ్లు, అన్నీ ఉన్నాయి. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది నేనేనా?"

"మీరేనండి."

"మరీ ఇంత ఉన్నదున్నట్టా?" గొంతు తగ్గించాడు. "దానికీ దీనికీ మధ్యలో ఏదైనా ఉందా ముబీనూ?"

"నాన్నా!" అంది జెస్సీ. "నా తెల్లచీర తెల్లగా రావాలి. అన్నయ్యా, నన్ను ఇలాగే తియ్యి. నాన్నగారి పళ్ల సంగతి నువ్వూ ఆయనా చూసుకోండి."

మాస్టారు మళ్లీ బుల్లి టీవీలోకి చూశాడు. కూతురు అలా నవ్వడం ఆయన దగ్గర ఇంకో ఫోటోలో లేదు కాబోలు. "సరే, పెళ్లి నీదే," అన్నాడు. "ఒక్క షరతు. మీ మామ కెమెరా పక్కకు రాకూడదు."

పెళ్లిరోజు గౌసును వంటల దగ్గర కారం రంగు చూడటానికి పెట్టాం. మంచి బాధ్యతే అనుకుని మురిసిపోయాడు. కూరలు తిన్నవాళ్లు మాత్రం పాస్టరు గారితో సహా ప్రధానం ఫోటోల్లో ఉన్నట్టే తయారయ్యారు. ముబీను అదీ ఉన్నదున్నట్టే తీశాడు.

అరుగు మీద నవ్విన ఆ ఫోటోను పెద్దది చేయించి స్టూడియో ముందు కట్టాడు వాడు. చూసినవాళ్లు ఆగుతున్నారు, లోపలికొస్తున్నారు. గౌసు టీ తాగడానికి వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడి, జేబులోంచి మిరపకాయ తీసి పక్కన పెట్టి చూస్తాడు.

"రంగు తక్కువే," అంటాడు. మరికాస్సేపు చూసి, జెస్సీ మొహం వైపు కాయ చూపిస్తూ, "తొడిమ మాత్రం తాజాగా ఉందిరా," అంటాడు.